ఎడ్‌టెక్‌లో చేరేవాళ్లకు పెడదారి సలహాలు

బీటెక్ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లకు ప్లేస్‌మెంట్ ఆఫీసరు, అమీర్‌పేట కోచింగ్ సెంటరు, అమెరికాలో ఉన్న బావగారు చెప్పేది దాదాపు ఒకటే. కొత్త ఫ్రేమ్‌వర్క్ నేర్చుకో, డేటా స్ట్రక్చర్లు బట్టీ పట్టు, పెద్ద కంపెనీలో పడు, రెండేళ్లకోసారి మారు. బ్యాంకులకు సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకు ఆ మాటలు పనికొస్తాయేమో. పిల్లల చదువు కోసం సాఫ్ట్‌వేర్ రాద్దామనుకునేవాళ్లకు నేను చెప్పేవి వాటికి పూర్తిగా ఎదురు. ఇవి విని మీ ఇంట్లోవాళ్లు నన్ను తిట్టుకుంటారు, తిట్టుకోనివ్వండి. వీటిలో ఒక్కటి కూడా వేళాకోళానికి చెప్పడం లేదు.

మొదటి ఏడాది కోడ్ రాసే ఉద్యోగం దొరికినా తీసుకోకండి. హెల్ప్‌డెస్క్‌లో కూర్చుని బడుల నుంచి వచ్చే ఫోన్లు ఎత్తండి. జీతం తక్కువ, గౌరవం ఇంకా తక్కువ. తోటివాళ్లు లింక్డిన్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ అని రాసుకుంటుంటే మీకు చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. కానీ ఆ ఏడాదిలో మీ చెవిన పడేవి ఏ కోర్సులోనూ చెప్పరు. లాగిన్ అవ్వాలంటే ఓటీపీ కావాలి. ఓటీపీ హెడ్మాస్టరుగారి ఫోనుకు వెళ్తుంది. ఆయన మండలాఫీసులో మీటింగులో ఉంటారు. 40 నిమిషాల పీరియడ్‌లో పావుగంట అలా గడిచిపోతుంది. ఇంటి దగ్గర పిల్ల చదువుకునే ఫోను వాళ్ల నాన్నది, ఆయన పని నుంచి వచ్చేసరికి రాత్రి ఎనిమిది. ఆ ఫోను నిండా శుభోదయం ఫొటోలు, కొత్త అప్‌డేట్‌కు చోటు లేదు. ఒకే గదిలో మూడు తరగతులకు కలిపి పాఠం చెప్పే టీచరమ్మ, తరగతి ఎంచుకోమని అడిగే యాప్‌లో ఏది నొక్కాలి? ఇలాంటివి బగ్ రిపోర్టుల్లో రావు, విసిగిపోయిన టీచరు నోట వస్తాయి. ఆ విసుగును ఓపిగ్గా వినడం అలవాటైనవాళ్ల చేతిలోనే తర్వాత పనికొచ్చే స్క్రీన్ తయారవుతుంది.

రెండోది నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. పిల్లల సరైన జవాబుల మీద మీ టైము పెట్టకండి, తప్పుల్ని పోగుచేయండి. ప్రతి యాప్‌లోనూ ఉండేది ఒకటే తంతు: జవాబు సరైనదైతే పచ్చ టిక్కు, చప్పట్లు, తప్పయితే ఎర్ర గుర్తు, మళ్లీ ప్రయత్నించమనే మాట. దాన్ని రాయడానికి పది నిమిషాలు చాలు, అందుకే అందరూ అక్కడే ఆగిపోతారు.

52లోంచి 27 తీసేయమని ఇద్దరు పిల్లలకు ఇచ్చారనుకోండి. ఇద్దరూ 35 అన్నారు. మీ సర్వర్‌లో రెండూ ఒకే తప్పుగా నమోదవుతాయి. కానీ ఒక పిల్లవాడు 2లోంచి 7 పోదు కాబట్టి తిరగేసి 7లోంచి 2 తీసి 5 వేశాడు, పదుల్లో 5లోంచి 2 తీసి 3 వేశాడు. పక్కనున్న అమ్మాయి చక్కగా పదుల స్థానం నుంచి ఒక పది తెచ్చుకుంది, 12లోంచి 7 తీసి 5 వేసింది. తెచ్చుకున్న సంగతి మరిచి పదుల్లో 5ను 5గానే ఉంచేసింది. వాడికి స్థానవిలువ మొదటినుంచీ చెప్పాలి. ఆ అమ్మాయికి ఒక్క అడుగు గుర్తుచేస్తే చాలు. ఇద్దరికీ ఒకే వీడియో చూపిస్తే వాడికి అర్థం కాదు, ఆమెకు విసుగొస్తుంది.

ఇప్పుడు 27 బదులు 28 ఇవ్వండి. వాడు 36 అంటాడు, ఆమె 34 అంటుంది. ఒక్క అంకె మారిస్తే ఇద్దరి బుర్రల్లో జరుగుతున్నది వేరువేరుగా కనబడింది. లెక్కలో 7 ఉండాలా 8 ఉండాలా అని తేల్చుకోవడమే ఈ వృత్తిలో అసలైన ఇంజనీరింగ్ అని నేను నమ్ముతాను. ఇది కొత్త సంగతేమీ కాదు. జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అనే ఇద్దరు 1978లోనే పిల్లల తీసివేతల్లోని తప్పుల్ని ప్రోగ్రాముల్లోని బగ్గుల్లాగే పద్ధతిగా పట్టుకోవచ్చని చూపించారు. ఆ పేపర్ చదవకుండా ఎడ్‌టెక్‌లో పదేళ్ల సర్వీసు ఉన్నవాళ్లు ఎందరో ఉన్నారు, అది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

పిల్లవాడు ఏ తరగతిలో కూర్చున్నాడన్నది పక్కన పెట్టి, వాడికి ఎంతవరకు వచ్చో అక్కడి నుంచి మొదలుపెడితే ఏమవుతుందో కూడా లెక్కలున్నాయి. 2015లో ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్ మీద కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాంద్రో గనిమియన్ చేసిన అధ్యయనం 2019లో అచ్చయింది. అందులో ఆరో తరగతి పిల్లలు గణితంలో సగటున రెండున్నర తరగతుల మేర వెనకబడి ఉన్నారని తేలింది. బడి అయ్యాక సెంటర్లో, ఎవరి స్థాయికి తగ్గ ప్రశ్నలు వాళ్లకు ఇస్తూ, పక్కన చిన్న బృందాలకు బోధన కూడా పెట్టి నడిపితే, నాలుగున్నర నెలల్లోనే గణితంలోనూ హిందీలోనూ చెప్పుకోదగ్గ మెరుగుదల కనిపించింది. మీ మేనేజరు ఆరో తరగతి సిలబస్ ప్రకారం వెళ్దామన్నప్పుడు ఈ రెండున్నర అనే అంకె ఆయన ముందు పెట్టండి. వినకపోతే మళ్లీ పెట్టండి.

ఇంగ్లిష్‌లో యాప్ చేసేసి తెలుగు తర్వాత చూద్దామనే టీముల్లో చేరకండి. చేరితే ఆ తర్వాత అనే మాటను ఒప్పుకోకండి. ముందు తెలుగు లిపి కంప్యూటర్‌లో ఎలా కూర్చుందో నేర్చుకోండి. రెజ్యూమెలో దీనికి విలువ లేదని అందరూ అంటారు. రెండో తరగతి పిల్ల స్త్రీ అన్నది ఒక్క అక్షరం అంటుంది. టీచరు దాన్ని సంశ్లేషాక్షరం అని చెబుతుంది. జావాస్క్రిప్ట్‌ను పొడవు అడిగితే 6 అంటుంది, ఎందుకంటే యూనికోడ్‌లో స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారం విడివిడిగా ఉంటాయి. ఈ తేడా తెలియనివాళ్లు ఈ పదంలో ఎన్ని అక్షరాలు అనే ఆట రాస్తే, ఒకటి అన్న పిల్లకు ఎర్ర గుర్తు పడుతుంది. తనకు సరిగ్గా వచ్చినదాన్ని తప్పని యంత్రం చెప్తే ఏడేళ్ల పిల్ల యంత్రాన్నే నమ్ముతుంది. ఇంతకంటే పెద్ద అపచారం మన రంగంలో నాకు తోచడం లేదు. అక్షరాల సరిహద్దుల లెక్కలో తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల ఒత్తులను విడగొట్టకూడదనే నియమం యూనికోడ్‌లోకి 2023లో, 15.1వ వెర్షన్‌లో వచ్చింది. మీరు వాడే లైబ్రరీ దాన్ని పాటిస్తోందా, లేదా? మీరే రాసి చూసుకోండి.

పెద్ద కంపెనీలు చూసుకుంటాయిలే అనుకోవద్దు. 2018 ఫిబ్రవరిలో జ్ఞా రూపంలో ఉన్న ఒక వరుస మెసేజ్‌లో వస్తే చాలు ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలేవి, ఆపిల్ ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. జ్ఞానం అనే మాటలో మొదటి అక్షరమది. అను ఫాంట్లలో టైపు చేసిన పాఠాలనూ తక్కువ చేసి చూడకండి. ఏళ్ల తరబడి డీటీపీ ఆపరేటర్లు పేజ్‌మేకర్‌లో కూర్చిన తెలుగంతా యూనికోడ్ కాకపోవడంతో వెతకడానికి, యాప్‌లో పెట్టడానికి వీల్లేకుండా పడి ఉంది. దాన్ని ఒత్తులు చెడకుండా మార్చే కన్వర్టర్ సరిచేస్తూ ఆరు నెలలు గడిపితే ఆ ఆరు నెలలు వృథా పోలేదని నేను హామీ ఇస్తాను.

పిల్లలు యాప్‌లో తక్కువసేపు ఉండేలా చూడండి. ఇంటర్వ్యూలో ఈ మాట అంటే ఉద్యోగం రాకపోవచ్చు, అయినా అనండి. రోజుకు ఎన్ని నిమిషాలు, వరసగా ఎన్ని రోజులు అనే అంకెలు ఇన్వెస్టర్లకు చూపించడానికి బాగుంటాయి. యాప్ లేకుండా పిల్ల పలక మీద అదే లెక్క చేయగలిగిందా అన్నది ఏ డ్యాష్‌బోర్డ్‌లోనూ ఉండదు. దాన్ని మీరు పెట్టండి. వారానికోసారి ఐదు ప్రశ్నలు కాగితం మీద చేయించి, టీచరు ఎన్ని సరైనవో ఒక్క అంకె ఎక్కించేలా చేస్తే చాలు. టీచరుకు అంతకుమించి ఒక్క ఫారం కూడా పెంచకండి, ఇప్పటికే అటెండెన్స్‌కు ఫొటోలు, మధ్యాహ్న భోజనం లెక్కలు అప్‌లోడ్ చేసి వాళ్ల చేతులు నొప్పెడుతున్నాయి.

ఖరీదైన ఫోను కొనుక్కోకండి. మీ చేతిలో ఏ ఫోను ఉంటుందో మీ యాప్ దాని మీదే పనిచేస్తుంది.

కొత్త టెక్నాలజీ వార్తలకు పెట్టే సమయాన్ని పాత ప్రయత్నాల చరిత్రకు మళ్లించండి. ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ బిట్జర్ 1960లో మొదలుపెట్టిన ప్లేటో అనే కంప్యూటర్ బోధన వ్యవస్థకు 1972 నాటికే టచ్‌స్క్రీన్ ఉంది. ఇవాళ మనం కొత్తగా కనిపెట్టామనుకునేవాటిలో సగం అక్కడ దొరుకుతాయి. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు మన దేశంలో 6 రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా టీవీ పాఠాలు వచ్చాయి, వాటిలో ఆంధ్రప్రదేశ్ ఊళ్లు కూడా ఉన్నాయి. ఉపగ్రహం నాసాది, ఏడాది కాగానే వెనక్కి వెళ్లింది. పెరూ దేశం పిల్లలకు లక్షల సంఖ్యలో ల్యాప్‌టాప్‌లు పంచితే, 2012లో వచ్చిన మదింపులో గణితం, భాషల మార్కుల్లో ఫలితం కనిపించలేదు. వస్తువు చేరింది, బోధన మారలేదు. 2022లో 2,200 కోట్ల డాలర్ల విలువ కట్టిన బైజూస్ 2024 జూలైలో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. కంపెనీకి ఎంత విలువ కట్టారో చూసి చేరేవాళ్లు ఈ వరుసను ఒకసారి చదువుకుంటే మంచిది.

ఏఐ గురించి అందరూ అడుగుతారు. అడగ్గానే జవాబిచ్చే బాట్ తయారుచేసే జట్టులో చేరకండి. ఇందాక 52లోంచి 28 తీసి 36 అన్న పిల్లవాడికి 24 అని చెప్పేయడం ఏ యంత్రానికైనా వచ్చు. జవాబు బిగబట్టుకుని, వాడి చేత 2లోంచి 8 ఎందుకు పోదో చెప్పించగలిగే దాని మీద పనిచేసేవాళ్లుంటే వాళ్ల దగ్గరికి జీతం తగ్గినా వెళ్లండి.

ప్రమోషన్ వస్తే కాస్త ఆలోచించండి. మేనేజరు కావడం కంటే ఒక్క భిన్నాల పాఠం మీద మూడేళ్లు ఉండిపోవడం మేలని నా నమ్మకం. మార్కస్ హోహెన్‌వార్టర్ సాల్జ్‌బర్గ్‌లో 2001లో మొదలుపెట్టిన గణిత సాఫ్ట్‌వేర్ జియోజెబ్రా, మార్టిన్ డూగియమస్ ఆస్ట్రేలియాలో 2002లో విడుదల చేసిన ఆన్‌లైన్ కోర్సుల వేదిక మూడుల్, కార్ల్ వైమన్ అదే ఏడాది కొలరాడోలో పునాది వేసిన ఫెట్ సైన్స్ సిమ్యులేషన్లు ఇవాళ్టికీ బడుల్లో, కాలేజీల్లో నడుస్తున్నాయి. వీటి వెనక ఉన్న జట్లు ఏళ్లకేళ్లు ఒక్క పనినే పట్టుకుని కూర్చున్నాయి. 1/3 పెద్దదా 1/4 పెద్దదా అంటే, 4 పెద్దది కాబట్టి 1/4 అనే పిల్లలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వాళ్లకు ఆ ఒక్కటి తేలికపడేలా చేయడానికి మూడేళ్లు ఎక్కువేమీ కావు.

ఇక ఇంటర్వ్యూ. చివర్లో, మీరేమైనా అడగాలనుకుంటున్నారా అంటారు కదా. ప్యాకేజీ సంగతి అప్పుడు ఎత్తకండి. మీ సాఫ్ట్‌వేర్ నిన్న ఏ ఊళ్లో, ఏ తరగతిలో వాడారు, ఆ టీచరుతో నేను ఈ వారం మాట్లాడవచ్చా అని అడగండి. టీచరును అడిగి చెబుతామని ఫలానా బడి పేరు చెప్పినవాళ్ల దగ్గర తక్కువ జీతానికైనా చేరండి. యూజర్ల మొత్తం సంఖ్య చెప్పి ఊరుకున్నవాళ్ల ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టకండి.