కాగితం మీది నాతవరం

పుట్టిన ఇంట్లోంచి అడుగు కదపకుండా నేను ఎన్ని ఊళ్లు తిరిగానో చెప్తే మా మనవడు నమ్మడు. నేను పుట్టేనాటికి మా నాతవరం మద్రాసు రాష్ట్రంలో ఉండేది. 1953లో ఆంధ్ర రాష్ట్రంలో పడింది. 1956లో ఆంధ్రప్రదేశ్ అయింది. 2014లో ఆంధ్రప్రదేశే చిన్నదైపోయింది. కచేరీ పనుంటే నర్సీపట్నం తాలూకాకు పోయేవాళ్లం; 1985లో రామారావుగారు తాలూకాలు తీసేసి మండలాలు పెడితే మేమే ఓ మండలం అయి కూచున్నాం. 2022 ఏప్రిల్ 4న తెల్లారి లేచేసరికి విశాఖపట్నం జిల్లా పోయి అనకాపల్లి జిల్లా వచ్చింది. ఇన్ని చిరునామాలు మారినా మా వీధిలో మురుగుకాలవ మాత్రం మద్రాసు రాష్ట్రం నాడు ఎక్కడుందో అక్కడే ఉంది.

"మంచిదే కదా తాతా, కలెక్టరాఫీసు దగ్గరైంది" అంటాడు వాడు.

దగ్గరైంది, కాదన్ను. మా రోజుల్లో కలెక్టరుతో మాకు పనేమిటట? కరణంగారి అరుగు దాకా వెళ్తే చాలు. ఏ సర్వే నంబరు ఎవరిది, అందులో అన్నదమ్ముల వాటా ఎంత, ఏ చెరువు మదుం కింద ఎవరి మడి ముందు తడవాలి, ఎవరింట్లో ఎందరున్నారు, ఎవరు రంగూను పోయి తిరిగి రాలేదు, అన్నీ ఆయన నోట్లో ఉండేవి. ఆయనేం ధర్మరాజు కాదు. పంట ఇంటికొస్తే కుంచాలు పోయాలి, పాదున కాసిన మొదటి ఆనపకాయ ఆయనింటికే. అడంగల్లో ఒక్క గీత అటుదిటు చేసి అన్నదమ్ముల్ని కోర్టుకెక్కించగల ఘనుడు. 1984 జనవరిలో రామారావుగారు కరణాల్నీ మునసబుల్నీ తీసేసినప్పుడు ఊరంతా పండగ చేసుకుంది, నేనూ చేసుకున్నాను. కాకపోతే ఆయనతోపాటు ఊరి లెక్క తెలిసిన మనిషి కూడా పోయాడని అప్పుడెవరికీ తట్టలేదు.

ఇప్పుడు సచివాలయాలున్నాయి. 2019 అక్టోబరు 2న మొదలుపెట్టారు. కుర్రాళ్లు మర్యాదస్తులే, కుర్చీ వేస్తారు. "తాతగారూ, వేలు పెట్టండి" అంటారు. యాభై ఏళ్లు నాగలి మేడి పట్టిన వేలు, గీతలెక్కడ మిగిలాయి? మిషను ఒప్పుకోదు. కన్ను చూపించమంటారు, శుక్లం తీయించుకున్న కన్ను దానికి నచ్చదు. ఎదురుగా కూచుని మాట్లాడుతున్న మనిషిని నేనేనని నమ్మడానికి ఫోనుకి ఓ సంకేతం రావాలట. కరణం లంచం తిన్నాడే గానీ నన్ను ఎవరివని ఎప్పుడూ అడగలేదు.

మా ఊరి నైసర్గిక స్వరూపం పుస్తకాల్లో కన్నా అరుగు మీద కూచుంటే బాగా తెలుస్తుంది. ఓ పక్క మన్యం కొండలు, ఓ పక్క తుని వైపు దిగిపోయే మైదానం. రెండింటికీ మధ్య తాండవ నది. పెంటకోట దగ్గర సముద్రంలో కలిసేదాకా అది ఎన్ని పొలాలు తడుపుతుందో చెప్పలేం. మా చిన్నప్పుడు వానాకాలం ఉరికొచ్చేది, వేసవికి ఇసుకలో చెలమలు తవ్వుకోవాల్సి వచ్చేది. డెబ్బైల్లో జి.కె.గూడెం దగ్గర ఆనకట్ట లేచింది. పూర్తి మట్టం 380 అడుగులు, ఆయకట్టు 51,465 ఎకరాలు. నీళ్లు నిలిచేది మా మండలంలో, తడిసే పొలాలు మాత్రం కోటనందూరు, తుని, పాయకరావుపేట దాకా ఉన్నాయి. ఖరీఫుకి గేట్లు ఎత్తేరోజున పసుపు, కుంకుమ, పూలు వేసేవాళ్లం, ఇప్పుడూ వేస్తారు. అప్పుడు పూలు వేసినవాడు పొలానికి పోయేవాడు, ఇప్పుడు ఫొటో దిగి కారెక్కుతున్నాడు.

ఆ నీళ్లతో చెరకు వేశాం. చెరకంటే మాటలా! గడలు ముక్కలు కొట్టి నాటాలి, తవ్వాలి, ఎదిగాక ఆకు చుట్టి జడకట్లు కట్టాలి, నరకాలి, బండికెత్తాలి. ఊళ్లో ఎన్ని చేతులుంటే అన్నిటికీ పని. గానుగాడితే బెల్లం అనకాపల్లి మార్కెట్టుకి, లేదంటే గడ పాయకరావుపేట తాండవ సుగర్సుకో, ఏటికొప్పాక ఫ్యాక్టరీకో. రెండూ సహకార ఫ్యాక్టరీలే, రెండూ మూతపడ్డాయి. చెరకుండే చేలల్లో ఇప్పుడు సరుగుడు, జామాయిలు. నాటితే చాలు, మూడు నాలుగేళ్ల దాకా ఆ చేను మొహం చూడక్కర్లేదు. రైతు తెలివైనవాడే, తప్పుపట్టను. కానీ చేనుకి మనిషి అక్కర్లేకపోయాక ఊరికి మాత్రం మనిషెందుకు? కొందరు విశాఖ, అచ్యుతాపురం ఫ్యాక్టరీలకు పోయారు. కొందరు హైదరాబాదులో మేస్త్రీ పనులకూ, వాచ్‌మన్ కొలువులకూ పోయారు. చదువుకున్నవాళ్లు బెంగళూరు పోయారు.

కొండమీదివాళ్ల కథ వేరు. సరుగుడు, సుందరకోట పంచాయతీల గిరిజనులు మన్యంవాళ్లే, అయినా షెడ్యూల్డు ప్రాంతం గీత వాళ్లని బయట వదిలేసింది. గీతకు అవతలున్నవాడికి ఏజెన్సీ చట్టాల కాపలా, ఇవతలున్నవాడికి అదే అడవి, అదే జ్వరం, కాపలా లేదు. ఆ కొండల్లో లేటరైటు తవ్వకాల గొడవ 2021లో హరిత ట్రిబ్యునలు దాకా వెళ్లింది. ఎర్రమట్టి ఎన్ని టన్నులు పోయిందో లెక్క తీయడానికి అధికార్లు కొండెక్కారు. మనుషుల్ని లెక్కపెట్టడానికి ఎక్కినప్పుడు ఎప్పుడూ అంత హడావిడి చూళ్లేదు.

జనాభా లెక్కంటే 1971లో చూడాలి. మా బడి మేస్టారే వచ్చి అరుగు మీద చాప పరుచుకుని కూచున్నారు. మా నానమ్మను వయసడిగారు.

"ఏటో బాబూ, పితూరీ నాటికి మా పెద్దోడు నా కడుపున ఉన్నాడు. కృష్ణదేవిపేట ఠాణా మీద పడ్డ రోజున మమ్మల్ని ఇళ్లలోంచి కదలొద్దన్నారు."

మేస్టారు వేళ్లు మడిచారు. సీతారామరాజు కృష్ణదేవిపేట స్టేషను మీద పడింది 1922 ఆగస్టు 23న. కడుపున బిడ్డంటే ఓ పదహారైనా ఉంటాయి. "అరవై అయిదు" అని రాసి, మా నాన్న వయసు నలభై ఎనిమిదని అడక్కుండానే రాసేశారు. మజ్జిగ తాగి పక్కింటికి వెళ్లారు. ఊరి చరిత్రా, ఊరి జనాభా ఒకే కాగితం మీద కలిసిన రోజది.

ఆ జనాభా ఎక్కువైపోయిందని ఆ తర్వాతే కదా మా వెంటపడ్డారు! గోడ గోడకీ ఎర్ర త్రికోణం. ఇద్దరు చాలు, ఆపరేషను చేయించుకో అని ఒకటే పోరు. 1994లో ఇద్దరికి మించి కంటే పంచాయతీకి పోటీ చెయ్యరాదని చట్టం తెచ్చారు. మేం బుద్ధిగా విన్నాం. 2024 నవంబరులో ఆ చట్టం ఎత్తేశారు. ముసలివాళ్లు పెరిగిపోతున్నారు, ఇంకా కనండి అంటున్నారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే మన రాష్ట్రంలో ఆడమనిషికి సగటున 1.7 మంది పిల్లలేనట. ఇప్పుడు మాకు చెప్పి ఏం లాభం నాయనా? ఓ యాభై ఏళ్ల కిందట చెప్పుంటే ఏదో చూసేవాళ్లం.

స్విట్జర్లాండులో ఆల్బినెన్ అని ఓ కొండపల్లె ఉందట, మనవడు ఫోనులో చూపించాడు. రెండొందల నలభై మంది. ఊరు ఖాళీ అయిపోతోందని 2017లో ఓటేసుకుని, వచ్చి స్థిరపడే కుటుంబంలో పెద్దవాళ్లకు తలా 25,000 ఫ్రాంకులు, పిల్లలకు తలా 10,000 ఇస్తామన్నారు. నలభై అయిదేళ్ల లోపువాళ్లై ఉండాలి, ఇల్లు కొనాలి లేదా కట్టుకోవాలి, పదేళ్లు కదలకూడదు. నాకు నచ్చింది డబ్బు కాదు. ఎవరు పోయారో, ఎంతమంది మిగిలారో ఆ ఊరివాళ్లకు తెలుసు, తెలిసి కూచుని మాట్లాడుకున్నారు. మనకి ఒక ఊరికి మూడు జనాభాలు. రేషను కార్డుల్లో ఒకటి, ఓటరు జాబితాలో ఒకటి, పొద్దుగూకాక దీపం వెలిగే ఇళ్లలో ఒకటి. మొదటి రెండింటినీ అందరూ అడుగుతారు.

2011 తర్వాత మమ్మల్ని లెక్కపెట్టిన నాథుడు లేడు. 2021లో కరోనా అన్నారు. ఇప్పుడు 2027 మార్చి 1 నాటి లెక్కట, అంతా ఫోనుల్లోనే రాస్తారట, కులం కూడా అడుగుతారట. అడగనీ. నా అభ్యంతరం నెల గురించి. భోగి నుంచి కనుమ దాకా మా ఊళ్లో బండి నిలపడానికి చోటుండదు. ఎవడికి ఎవడు ఏమౌతాడో పరిచయాలకే పూట సరిపోతుంది. వీళ్లేమో ఫిబ్రవరిలో వస్తారు, తాళాలు లెక్కపెట్టుకోవడానికి.

రానీండి. ఉన్నవాళ్ల గళ్లు నింపాక, పోయినవాళ్ల కోసం ఓ గడి పెట్టమనండి. కాగితమంటే చోటు చాలదని బెంగ, ఫోనులో పెడితే వాళ్ల సొమ్మేం పోయింది? ఏ ఇంట్లోంచి ఎవరు, ఏ ఏడు, ఏ పనికి, ఏ ఊరు పోయారో వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా నేను చెప్తాను, రాసుకోమనండి. వేలిముద్ర మాత్రం అడగొద్దు.