అరగ్లాసు కూడా నిండని ఉప్పు

మా చెల్లెలి జాడీలో ఆవకాయ బూజు పట్టడానికి కారణం నేను. ఆ సంగతి పదకొండు నెలలు నాకే తెలియదు. తెలిశాక కూడా తనకు చెప్పడానికి మరో నెల నోరు పెగల్లేదు.

అమ్మ కొలత గ్లాసు. అయిదు గ్లాసుల మామిడి ముక్కలకు ఆవపిండి, కారం, ఉప్పు తలా ఒక గ్లాసు. అంతకుముందు అమ్మమ్మ సోలతో కొలిచేది. గిద్ద, సోల, తవ్వ, మానిక, కుంచం... ఇవన్నీ పాత్రలో ఎంత పడుతుందో చెప్పే కొలతలు. వీశె, పలం తూకం లెక్కలు. చింతపండు, బెల్లం కొనేటప్పుడు పనికొచ్చేవి. మా ఇంట్లో ఎవరూ ఒకదాని పనికి ఇంకొకదాన్ని వాడలేదు. ఆ పని నేను చేశాను.

చెల్లెలు అమెరికాలో ఉంటుంది. అక్కడి కప్పు 240 మిల్లీలీటర్లట. మన గ్లాసుకు అది సరిపోతుందో లేదోనని, గ్రాముల్లో రాసి పంపమంది. కాటా తెచ్చాను. ముక్కల మధ్య సందులుంటాయి కదా అని వాటిని విడిగా తూచాను. తర్వాత గ్లాసు నిండా కారం పోసి తూస్తే 120 గ్రాములు వచ్చింది. అక్కడితో ఆపేశాను. ఆవపిండి 120, కారం 120, ఉప్పు 120 అని రాసి పంపాను. ముప్పై ఏళ్లు బడిలో సాంద్రత పాఠం చెప్పినవాణ్ణి. ముక్కల మధ్య సందు కనిపించిన నాకు కారం పొడిలో నిలిచే గాలి తట్టలేదు. ఉప్పేమో నీటికి రెండింతలకు పైగా సాంద్రత ఉన్నది, పైగా రవ్వ సర్దుకుని కూర్చుంటుంది.

నెల తిరక్కుండానే ఫోను చేసింది. "అన్నయ్యా, పైన తెల్లగా బూజు కట్టింది, వాసన కూడా మారింది."

ముక్కలు తుడిచావా, జాడీ ఎండబెట్టావా, తడి గరిటె పెట్టావా, నూనె పైకి తేలిందా అని వరసగా అడిగాను. ఒక్కొక్కదానికీ జవాబు చెబుతూ చెబుతూ చివరికి తన గొంతు తగ్గిపోయింది. "ఎక్కడో నా చేతి తడే తగిలుంటుందిలే" అంది. అవునని ఊరుకున్నాను. అన్నిటికంటే నాకు బాధ కలిగించేది ఆ 'అవును'.

ఆ ఏడు మా ఇంటి ఆవకాయ అమ్మ తన గ్లాసుతోనే కలిపింది కాబట్టి నిలిచింది. ఈ వేసవిలో అమ్మ చేతులు వణుకుతున్నాయని, నా కాగితం ముందు పెట్టుకుని నేనే కలిపాను. మూడో రోజు తిరగ కలిపి, అమ్మ నాలిక మీద కాస్త వేశాను.

"ఉప్పేదిరా?"

"120 గ్రాములు వేశానమ్మా."

అమ్మకు గ్రాములు పట్టవు. "ఆ వేసినంతా నా గ్లాసులో పోసి చూపించు" అంది. కాటా మీద 120 గ్రాముల ఉప్పు తూచి గ్లాసులో పోశాను. సగానికి కూడా రాలేదు. నిండా పోసి తూస్తే 280. ఆవపిండి 105 తూగింది. అమ్మ ఏమీ అనలేదు, తగ్గిన ఉప్పంతా కలపమంది. నాకు మాత్రం చెల్లెలి తగ్గిపోయిన గొంతు వినపడుతూనే ఉంది.

తప్పు గ్రాములది కాదు. ఒక్కొక్కటీ విడిగా తూచి ఉంటే గ్లాసు కంటే తూకమే చెల్లెలికి మేలు. అమెరికాలో కోషర్ ఉప్పని రేకుల్లాంటిది ఒకటి దొరుకుతుంది. అందులో కొన్ని రకాలు కప్పుకు మామూలు ఉప్పు బరువులో సగమే తూగుతాయి. అక్కడ కప్పుతో కొలిచినా దెబ్బతినేదే.

చివరికి మొన్న ఆదివారం ఫోను చేశాను. "నీ చేతి తడి కాదమ్మా, నేను రాసిన ఉప్పు తప్పు" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. ఆ భయంతోనే ఈ ఏడు ఆవకాయ పెట్టలేదట. తర్వాత, "కాగితం తెచ్చుకుంటా ఉండు" అంది.

ఉప్పు 280, కారం 120, ఆవపిండి 105. చెప్పినవన్నీ నాకు మళ్లీ చదివి వినిపించింది.