ఎసట్లో ఇంకో సోలెడు

"భోంచేస్తారా?" అని అడగడం మా రోజుల్లో తప్పు. అడిగామంటే వద్దనిపించుకున్నట్టే. గుమ్మం ఎక్కిన మనిషి ఎంత ఆకలి మీదున్నా, మిట్టమధ్యాహ్నం రేవు దాటి నడిచొచ్చినా, "ఇప్పుడే తినొచ్చానండీ" అనే అంటాడు. అందుకే ఎవరూ అడిగేవారు కాదు. చెంబుతో నీళ్లిచ్చి, "కాళ్లు కడుక్కోండి, ఆకు వేస్తున్నాం" అనేవారు. ఆ మాటతోనే వచ్చినవాళ్ల మొహమాటం సగం తీరిపోయేది.

మొన్న కూకట్‌పల్లిలో మా అబ్బాయి ఇంట్లో ఉండగా మా ఆడపడుచు కొడుకు ఏదో పనిమీద వచ్చాడు. రాత్రి ఎనిమిదైంది. మావాడు ఫోను చేతిలో పట్టుకుని, "ఏం తింటావు బావా? బిర్యానీ చెప్పమంటావా, టిఫినేమైనా తెప్పించమంటావా?" అన్నాడు. ఆ పిల్లాడు వెంటనే, "ఏమీ వద్దు, దారిలో తినేశాను" అన్నాడు. సరేనని మావాడు ఫోను పక్కన పెట్టేశాడు. నాకు ఒళ్లు మండింది. లేచి కుక్కర్లో బియ్యం పడేశాను. పక్క పొయ్యి మీద కందిపప్పు ఉడికించి, చారు పెట్టి, నాలుగు వడియాలు వేయించాను. ఆవకాయ ఎలాగూ ఉంది. ముప్పావు గంటలో కంచం పెడితే, దారిలో తిన్నానన్నవాడు మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. మావాడికి బావంటే ప్రాణం. ఆ ప్రేమ ఉన్నవాడే ఆకలితో పడుకోబెట్టబోయాడు, అదీ నా బాధ.

నేను 1971లో అమలాపురం దగ్గర పల్లెకి కాపురానికి వచ్చాను. ఇంట్లో తొమ్మిదిమందిమి. మా అత్తగారు బియ్యం కొలిచేటప్పుడు నన్ను పక్కన నిలబెట్టుకునేవారు. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. ఇంటిల్లిపాదికీ కొలవడం అయ్యాక ఇంకో సోలెడు తీసి పోసేవారు. "ఇవెవరికి అత్తయ్యా?" అంటే, "వచ్చేవాళ్లకి" అనేవారు. ఎవరొస్తారో ఆవిడకీ తెలియదు. గోడ మీద కాకి అరిచిన రోజూ అంతే, అరవని రోజూ అంతే. ఎవరూ రాకపోతే ఆ అన్నం మర్నాడు పొద్దున్న చద్దన్నమై, మజ్జిగా ఉల్లిపాయతో పాలేరుకీ పిల్లలకీ సరిపోయేది. ఇప్పుడు కుక్కరుతో వచ్చిన ప్లాస్టిక్ కప్పుతో మనిషికింతని లెక్కగా పోస్తున్నారు. ఆ లెక్కలో బయటివాడికి చోటెక్కడిది?

అతిథి కోసం వంట ఆ పూట మొదలయ్యేది కాదు, చైత్రంలో మొదలయ్యేది. బూడిదగుమ్మడికాయ ముక్కలు కోసి, ఉప్పు పట్టించి, గుడ్డలో మూటకట్టి, మీద రోలో పొత్రమో పెట్టి రాత్రంతా నీరోడ్చేవాళ్లం. తెల్లారి రుబ్బిన మినప్పిండిలో కలిపి డాబా మీద పాత పంచె పరిచి వడియాలు పెట్టేవాళ్లం. చల్లమిరపకాయలైతే రాత్రి ఉప్పేసిన పుల్లమజ్జిగలో, పగలు ఎండలో. మజ్జిగంతా పీల్చుకుని ఎండేదాకా అదే వరస. ఇక ఆవకాయ. కాయ తడి తుడవడం దగ్గర్నుంచి టెంకతో ముక్క కొట్టడం, ఆవపిండీ కారమూ ఉప్పూ కొలిచి నువ్వులనూనెతో కలపడం, మూడో రోజు తిరగగలిపి జాడీకెత్తి వాసెన కట్టడం దాకా ఇల్లంతా ఆ పనిలోనే ఉండేది. ఇంట్లోవాళ్లు ఏడాదంతా తిన్నా తరగనంత ఎందుకు పెట్టేవాళ్లమనుకున్నారు? రాత్రి పదింటికి తలుపు తట్టినవాడికి కూరలేదని చెప్పే అవసరం రాకూడదని. వేడన్నం, ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయ, వేయించిన వడియం, చివర గడ్డపెరుగు. ఇంతకన్నా విందు నేనెరగను.

మా లంకల్లో ఇది ఒక్క ఇంటి అలవాటు కాదు. లంకలగన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళాపాళా లేకుండా దారినపోయే ప్రతివాళ్లకీ వండి పెట్టారు. అంతర్వేది నరసింహస్వామి దర్శనానికని పల్లకీలో బయల్దేరి, ఆకలితో కొందరు తన ఇంటికే వెళుతున్నారని దారిలో తెలిసి వెనక్కి తిరిగిపోయారని మావైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. అక్కడి గోదావరి మీది అక్విడక్టుకీ, 2024లో ఆంధ్రప్రదేశ్ బడిపిల్లల మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరే పెట్టారు. నా మనసుకి రెండోదే ఎక్కువ నచ్చింది.

ఒక మాట మాత్రం దాచను. ఆ మర్యాద బరువంతా ఆడవాళ్ల నడుం మీదే ఉండేది. మగవాళ్ల బంతి లేచాక పిల్లల బంతి, ఆ తర్వాత ఎప్పుడో మేము. మా అత్తగారు అడుగున మిగిలిన మాడుచెక్క, పులుసులో తేరిన నీళ్లు కలుపుకుని తిన్న రోజులు నా కళ్లతో చూశాను. ఊదుగొట్టం ఊదీ ఊదీ ఆవిడ కళ్లు చివరిదాకా నీరు కారుతూనే ఉండేవి. ఆఫీసునుంచి ఏడింటికి ఇల్లు చేరిన మా కోడలు మళ్లీ పొయ్యి దగ్గర నిలబడాలని నేననను. అందామన్నా నోరు రాదు. కానీ ఆ ఇంట్లో ఇంకో రెండు చేతులున్నాయి కదా! పప్పు ఉడికించడం, నాలుగు అప్పడాలు వేయించడం మగపిల్లాడికి చేతకాని విద్యేం కాదు. అతను నేర్చుకోవలసిన పనికి బదులు డబ్బాల్లో కూడు వచ్చింది. అదీ మూతలు తీసి బల్లమీద పెట్టి, "నీకేది కావాలో వేసుకో బావా" అంటారు. వడ్డించేవాళ్లు లేని భోజనం ఎంత తిన్నా తిన్నట్టుండదు. పక్కన నిలబడి, "ఇంకాస్త నెయ్యి పడనీయండి, పెరుగులోకి ఓ ముద్ద" అని కొసరేవాళ్లుంటే ఒట్టి చారన్నమైనా కడుపు నింపుతుంది.

ఆ రాత్రి తర్వాత మావాణ్ణి పొయ్యి దగ్గర నిలబెట్టాను. ఇప్పుడు చారు పెడుతున్నాడు. పోపు ఒకసారి మాడింది, రెండోసారి కుదిరింది. ఈ వేసవికి కాయ తెప్పించి ఆవకాయ కూడా కలిపాం, కొలతలు వాడిచేతే వేయించాను. రెండు జాడీలయ్యాయి. ఒకటి వంటగట్టు మీద పెట్టాం. రెండోదానికి నేనే వాసెన కట్టి అటకెక్కించమన్నాను.

"ఇదెవరికి అత్తయ్యా?" అంది కోడలు.

"వచ్చేవాళ్లకమ్మా" అన్నాను.