బన్నికి బస్సెక్కేలోగా కోడ్ రివ్యూ ముగించడం ఎలా?

తమ్ముడూ, ఆదోని బస్సుకు ఇంకా రెండు గంటలుంది. విజయదశమి రాత్రి బన్ని ఉత్సవానికి దేవరగట్టులో ఉండాలి. సరిగ్గా ఇప్పుడే నీ నెత్తిన ఓ ప్యాచ్ పడింది: కార్టెక్స్-ఆర్82 చిప్పు మీద జెన్ హైపర్‌వైజర్‌కు ఎంపీయూ (మెమరీ ప్రొటెక్షన్ యూనిట్) కోడ్. అక్కడ హైపర్‌వైజర్‌కు పేజీ టేబుళ్లు ఉండవు. ఒక్కో మెమరీ రీజియన్ మొదలు, చివర, హక్కులు రిజిస్టర్లలో రాస్తారు. కంగారుపడకు, ఇలా చెయ్యి.

1. ముందు కామెంట్లలో స్పెల్లింగు తప్పులు పట్టు. నాలుగు చాలు. లోతుగా చదివావని అందరూ నమ్ముతారు.

2. చివరి చిరునామా జోలికి పోవద్దు. ఆ చిరునామా కూడా రీజియన్‌లో భాగమే. కింది ఆరు బిట్లను హార్డ్‌వేర్ ఒకట్లుగానే చూస్తుంది. అందుకే మొదలుకు సైజు కలిపి, ఒకటి తగ్గించకుండా రాస్తే మరో 64 బైట్లు పక్క రీజియన్‌లోకి చొరబడతాయి. ఆర్మ్‌వీ8-ఆర్‌లో అలా రెండింటి కిందికీ వచ్చిన చిరునామాను ముట్టుకుంటే ఫాల్టే. ఎవరైనా అడిగితే, "ఆర్మ్‌వీ7లో పెద్ద నంబరు రీజియన్ నెగ్గేది కదా" అను. అది నిజమే. ఈ చిప్పుకు వర్తించదంతే. పాత సంగతులు తెలిసినవాడికి మర్యాద ఎక్కువ.

3. రిజిస్టర్ రాశాక ఐఎస్‌బీ (ఇన్‌స్ట్రక్షన్ సింక్రనైజేషన్ బ్యారియర్) లేకపోతే అడగవద్దు. తర్వాతి ఇన్‌స్ట్రక్షన్లు పాత హద్దులతోనే నడవొచ్చు. నడవొచ్చు అన్నాను గానీ, నడిచి తీరుతాయనలేదు. నీ బోర్డు ఒక్కసారి బూట్ అయితే ఆ స్క్రీన్‌షాట్ పెట్టెయ్.

4. రీజియన్లు చాలవని ఎవరైనా మొత్తుకుంటే, కోడ్‌నూ డేటానూ ఒకే రీజియన్‌లో కలపమను. చదవడం, రాయడం, అమలు చెయ్యడం అన్నీ ఇచ్చెయ్యమను. "రిజిస్టర్ల పొదుపు" అని పేరు పెట్టు. మేనేజర్లకు పొదుపంటే ప్రాణం.

5. గెస్ట్ మెమరీ హైపర్‌వైజర్ మెమరీతో కలుస్తోందా అని తనిఖీ చెయ్యకు. బన్ని రాత్రి నెరణికి, కొత్తపేట ఊళ్ల జనం మాళ మల్లేశ్వరుడి విగ్రహాలను కర్రలతో కాపాడుకుంటారు. హైపర్‌వైజర్‌ను ఎంపీయూ అలాగే కాపాడుకుంటుంది. మధ్యలో నీకేం పని?

6. సాకు ముందే సిద్ధం చేసుకో. ఎక్స్‌ఎస్‌ఏ-148 అనే జెన్ భద్రతా ప్రకటన పేరు బట్టీపట్టు. గెస్ట్ పెద్ద పేజీలను మ్యాప్ చేసుకునే చోట జెన్‌లో ఒక తనిఖీ తప్పిపోయింది. దాంతో గెస్ట్ మొత్తం యంత్రాన్నే చేజిక్కించుకోవచ్చు. 2009 నాటి 3.4 వెర్షన్ నుంచీ ఉన్న ఈ లోపం 2015 అక్టోబరులో గానీ లోకానికి వెల్లడి కాలేదు. మహామహులు చదివిన కోడ్‌లోనే ఆరేళ్లు దాక్కుంది! నీ ప్యాచ్‌కూ అంత గడువు ఉన్నట్టే. అప్పటికి నువ్వు ఇంకో కంపెనీలో ఉంటావు.

7. టెస్టులు అడగవద్దు. అడిగితే రాస్తారు, రాస్తే మళ్లీ నువ్వే చదవాలి.

ఇక "రివ్యూడ్-బై" కింద నీ పేరు పెట్టు. గట్టు దగ్గర సిగ్నల్ ఉండదని ఆఫీసులో చెప్పి ఫోను ఆపెయ్. తెల్లవారుజామున బసవన్న గుడి దగ్గర భవిష్యవాణి విని, తీరిగ్గా తిరిగి రా. ఈలోగా ఏదైనా కూలితే, ఆ రోజు డ్యూటీలో ఉన్నవాడు చూసుకుంటాడు.