బెంజ్ సర్కిల్ కమిట్‌మెంటుకు టీకా తాత్పర్యం

మూలం: "మా కంపెనీకి కమిట్‌మెంట్ ముఖ్యమండీ!"

అవతారిక: ఫ్లాటు తాళాలెప్పుడిస్తారని అడిగినందుకు, విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఏసీ గదిలో కూర్చున్న బిల్డరొకాయన నాకు ఉపదేశించిన వాక్యమిది.

తాత్పర్యం: తాళాలు ఇప్పట్లో రావు.

ప్రతిపదార్థం అనవసరం. "అండీ" ఇక్కడ గౌరవార్థకం కాదు, వాయిదార్థకం, అంతే.

నానార్థాలు: అమరసింహుడు "కమిట్‌మెంట్" శబ్దాన్ని ఎరిగుంటే నానార్థవర్గం ఇంకో నాలుగు శ్లోకాలు పెరిగేది. పెళ్లి సంబంధాల్లో "అమ్మాయికి కమిట్‌మెంట్ ఉంది" అంటే ప్రేమ. మేనేజరు నోట ఆదివారం డ్యూటీ. బ్యాంకు దగ్గర ఇఎంఐ. "సాయంత్రం వేరే కమిట్‌మెంట్ ఉంది" అంటే, మీ ఇంటికి రాను. సినిమా రంగంలో ఆడపిల్లల్ని అడిగే కమిట్‌మెంటుకు అర్థం రాయడానికి టీకాకారుడికి సిగ్గు. అడిగేవాళ్లకు లేదు.

విశేషాంశం: మన మెతుకుసీమ కొలిచెలమ మల్లినాథసూరి పంచకావ్యాలకూ వ్యాఖ్య రాశాడు. ఆధారం లేనిది రాయను, అవసరం లేనిది చెప్పను అని ముందే ప్రతిజ్ఞ పూని మరీ రాశాడు. (నేను ఆ రెండో షరతును ఈ పేరాతోనే తప్పుతున్నాను.) కాళిదాసు వాక్కు చెడ్డ వ్యాఖ్యల విషానికి మూర్ఛపోయిందని, తేర్చడానికి తన టీకకు సంజీవని అని పేరుపెట్టాడు. కిరాతార్జునీయ వ్యాఖ్యకు ఘంటాపథం. అంటే రాజమార్గం, గంటలు కట్టిన ఏనుగులు నడిచే దారి. చెన్నై–కోల్‌కతా హైవే బందరు రోడ్డును దాటే ఈ సర్కిల్‌ను మించిన ఘంటాపథం ఆంధ్రదేశంలో ఏదీ? ఏనుగులకు బదులు ఆర్టీసీ బస్సులు, గంటలకు బదులు హారన్లు.

ఇదే సర్కిల్లో 2020 జనవరిలో అమరావతి ఉద్యమకారుల్ని పోలీసులు అరెస్టు చేశారు. రాజధానికి భూములిచ్చిన అమరావతి రైతుల చేతిలో ఉన్నది కమిట్‌మెంట్ కాదు, ప్రభుత్వంతో చేసుకున్న 9.14 ఒప్పందం. ఎకరం మెట్టకు 1000 గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం, 10 ఏళ్ల కౌలు అని లెక్కలతో రాసింది. గజాలతో సహా రాసినదే అయిదేళ్లు నిలవకపోతే, గజం కూడా చెప్పని ఈ బిల్డరు మాట పట్టుకుని నేనేం చెయ్యను?

వ్యాకరణ విశేషం: ఆ ఒప్పందంలో "ఇస్తాం" అన్న క్రియకు కర్త ప్రభుత్వం. ప్రభుత్వం మారితే కర్త మారతాడా అన్నది వైయాకరణులు తేల్చలేదు. 2022 మార్చి 3న హైకోర్టు తేల్చింది: ఒప్పందం నెరవేర్చాల్సిందే, ప్లాట్లు మూడు నెలల్లో అప్పగించండి అంది. ఆ "మూడు నెలల్లో" అన్నదానికి టీక రాయడం మల్లినాథుడి వల్ల కూడా కాదు.