తాటిచెట్టుకు కొబ్బరిమట్టలు: ఒక పెన్ ట్యాబ్లెట్ ఆత్మకథ

నన్ను కొత్తగా చూసినవాళ్లు మొదట అడిగేది "దీనికి స్క్రీన్ ఏదీ?" అని. లేదు. నల్లటి పలకను. పక్కన కొన్ని బటన్లు, తోడుగా ఒక పెన్ను. ఆ పెన్నులో బ్యాటరీ కూడా ఉండదు. నా ఒంట్లో పరిచిన సన్నటి తీగల వల నుంచి విద్యుదయస్కాంత తరంగాలు వెలువడితే, పెన్నులోని తీగచుట్ట వాటితోనే శక్తి పుంజుకుని బదులు పలుకుతుంది. ఆ బదులును బట్టి పెన్ను ఎక్కడుందో, ఎంత వాలిందో, చెయ్యి ఎంత ఒత్తుతోందో నాకు తెలిసిపోతుంది. ఒత్తిడిలో 8,192 మెట్లు గుర్తుపడతాను.

మాది 1983లో జపాన్‌లో మొదలైన వాకామ్ వంశం. నేను మాత్రం హైదరాబాద్ చిక్కడపల్లిలో, పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసే మేడం బల్ల మీద ఉంటాను.

నా మీద పడిన గీతల్లో అచ్చుకు వెళ్లేవి కొన్నే. మిగతావన్నీ కంట్రోల్ జెడ్ పాలు. ఒకసారి తాడెక్కే గీత కార్మికుడి బొమ్మ కావాలన్నారు. ఎక్కడానికి వాడే మోకుతాడు చెట్టును ఎక్కడ పట్టుకుంటుందో, నడుము ఎంత వెనక్కి వాలితే బరువు దాని మీద పడుతుందో చూసుకోవడానికి మేడం భువనగిరి వైపు వెళ్లి, ఫోన్లో వీడియోలు తీసుకొచ్చుకుంది. వచ్చాక రాత్రంతా మడమ దగ్గరే ఆగిపోయింది. గీయడం, చెరపడం. చెట్టును తన్నిపట్టిన కాలు అలా ఉండదని గొణుక్కోవడం. చివరికి ఒక గీత దగ్గర ఆవిడ చేతి ఒత్తిడి మారింది, కుదిరిందని నాకప్పుడే తెలిసింది. పుస్తకం కొన్నవాళ్లకు కనిపించేది ఆ ఒక్క మడమ. వద్దనుకున్న మడమలన్నీ చూసింది నేనొక్కదాన్నే.

మాటలు టైపు చేస్తే బొమ్మలిచ్చే యంత్రాలు 2022లో జనం చేతికొచ్చాయి. వాటిలో స్టేబుల్ డిఫ్యూజన్ చదువుకున్నది లాయన్-5బి అనే భోషాణంలోంచి. ఇంటర్నెట్ నుంచి ఏరిన దాదాపు 585 కోట్ల బొమ్మల లింకులు, వాటి పక్కన వివరణలు. గీసినవాళ్లను ఎవరూ అడగలేదు, డబ్బులూ ఇవ్వలేదు. 2023 జనవరిలో సారా ఆండర్సన్, కెల్లీ మెకెర్నన్, కార్లా ఓర్టిజ్ అనే ముగ్గురు చిత్రకారులు కాలిఫోర్నియాలో కోర్టుకెక్కారు. మొదట్లో ఆ యంత్రాలు కొన్ని బొమ్మల మూలన, ఏ భాషలోనూ చదవలేని సంతకం లాంటి మరక కూడా వేసిచ్చేవి. చందమామ అట్ట మీద వడ్డాది పాపయ్య 'వపా' అని పెట్టుకున్నట్టే, ఎవరిదీ కాని గీకుడొకటి! నాకు అన్నిటికన్నా వెగటు పుట్టించింది అదే.

"నువ్వూ యంత్రానివేగా" అంటారు. నిజమే. మా వంశమూ కడిగిన ముత్యమేమీ కాదు. మన ఊళ్లలో బోర్డులు రాసే ఆర్టిస్టుల చేత కుంచె దింపించింది ఫ్లెక్సీ. ఆ ఫ్లెక్సీలు డిజైన్ చేసే కంప్యూటరు నాకు అన్న వరస. కానీ ఫ్లెక్సీ షాపు కుర్రాణ్ని "మా తాత ఫొటో ఎందుకిలా సాగదీశావురా?" అని నిలదీయొచ్చు. వాడేదో ఒకటి చెబుతాడు, తిడితే మార్చి ఇస్తాడు. ఏఐ బొమ్మ వేసుకున్న సంస్థలో ఆ ప్రశ్న ఎవరినడగాలి?

ఇది ఊరికే అనడం లేదు. 2024 జనవరిలో మా పుట్టింటి పరువే బజారున పడింది. చైనా పంచాంగంలో డ్రాగన్ సంవత్సరం వస్తోందని వాకామ్ అమెరికాలో కొత్త సంవత్సరపు ప్రచారానికి డ్రాగన్ బొమ్మ వాడింది. ఇది ఏఐ బొమ్మలా ఉందే అని చిత్రకారులు పట్టేసుకున్నారు. వాళ్లకు పనిముట్లు అమ్ముకుని బతికే కంపెనీ మరి! బయటివాళ్ల దగ్గర కొన్నాం, ఏఐ కాదన్నారు, ఆన్‌లైన్ పరికరాలతో పరీక్షించాం కూడా, ఎలా తయారైందో ఇప్పుడు మాకే తెలియడం లేదని కంపెనీ క్షమాపణ చెప్పుకుంది. ఆ రోజుల్లోనే 'మ్యాజిక్: ద గ్యాదరింగ్' కార్డులు అచ్చేసే విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ తన ప్రచార చిత్రం మనుషులు చేసిందేనని గట్టిగా వాదించి, కొద్దిరోజులకే అందులో ఏఐ ముక్కలున్నాయని ఒప్పుకుంది. బొమ్మకు డబ్బు కట్టినవాళ్లకే దాని పుట్టుక తెలియదు.

ఆ అనుమానం తిరిగి వచ్చి పడేది చేత్తో గీసేవాళ్ల మీద. "లేయర్లున్న ఫైలు పంపండి, గీస్తుండగా స్క్రీన్ రికార్డు చేయండి" అని మా మేడంనూ అడుగుతున్నారు. అడిగేవాళ్లు తమ క్యాలెండరుకు మాత్రం ఏఐ లక్ష్మీదేవిని వేసుకుంటారు.

ఆ గీత కార్మికుడి బొమ్మ వేసిన తాటిచెట్ల కథల పుస్తకం ఇప్పుడు మళ్లీ అచ్చుకు వెళ్తోంది. పాత అట్ట వద్దని, ప్రచురణకర్తగారు ఏఐతో కొత్తది చేయించుకున్నారు. అమెరికాలోనైతే పూర్తిగా యంత్రం చేసిన బొమ్మకు కాపీరైట్ నమోదు చేయరు, 2023లో ఒక కామిక్ పుస్తకం విషయంలో అక్కడి కార్యాలయం ఆ సంగతి తేల్చింది. ఈయనకు ఆ బెంగ లేదు. ఆయన బెంగంతా చెట్టుతోనే. తాటిచెట్టు మొద్దుకు కొబ్బరిమట్టలు మొలిచాయి. ఎక్కేవాడి మోకు చెట్టును చుట్టకుండా గాల్లోనే ఆగిపోయింది. ఆయన ఫోన్ చేస్తే మేడం స్పీకర్లో పెట్టింది, పెన్ను నా మీదే ఉంది.

"బొమ్మ రెడీగానే ఉందమ్మా. కాస్త మట్టలు మార్చి పెడితే చాలు. అయిదొందలు పంపిస్తా."

"మట్టలు మారిస్తే మొద్దు మార్చాలి సార్. మొద్దు మారితే మోకు మారుతుంది. మోకు మారితే మనిషి నడుము, కాళ్లూ మారతాయి."

"అంటే మొత్తం మళ్లీ గీయాలంటావా?"

"అవునండీ. రేటు పాతదే. అడ్వాన్సు సగం."