ఎర్ర పిల్లల కింద

నీటి మీద ఎర్రటి చేపపిల్లల గుంపు కనబడితే దాని కిందనే పెద్ద కొర్రమట్ట ఉంటుందని మా ఖానాపూర్ దిక్కు గాలం పట్టిన ప్రతి ఒక్కరికీ తెలుసు. నాకూ తెలుసు. అది అక్కడ ఎందుకుంటుందని మాత్రం ఎన్నో ఏండ్లు ఆలోచించలేదు. నా మూర్ఖత్వం అదే.

సదర్మాట్ కాలువ కింద పొలాలున్న ఇల్లు మాది. నిజాం కాలంలో, 1891-92లో గోదావరి మీద కట్టిన సదర్మాట్ ఆనకట్ట నీళ్లు మడులకు పారితే, కొర్రమట్టలు కాలువలోంచి మడుల్లోకి, మడుల్లోంచి కుంటల్లోకి ఎక్కుతాయి. నల్లటి వీపు, తెల్లటి పొట్ట, పక్కలకు వాలుగా దిగిన చారలు, చదునైన తల మీద పెద్ద పొలుసులు. మొప్పల పైన గాలి నిలుపుకునే అర ఉంటుంది. మాటిమాటికి పైకొచ్చి గాలి మింగాల్సిందే, లేకుంటే నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. ఆ అర ఉండబట్టే తడి నేల మీద పాకుతూ ఇంకో కుంటకు పోగలదు, ఎండాకాలం బురదలో దాగి వానలదాకా బతకగలదు. అంగడిలో కాసిని నీళ్లున్న తొట్టిలో ప్రాణంతో అమ్మగలిగేదీ అందుకే.

ఇదంతా నేను పిల్లలకు గొప్పగా చెప్పేవాణ్ణి. చెప్పి, గాలం తీసుకొని పోయేవాణ్ణి.

మృగశిర కార్తె వస్తే మా దగ్గర ఇంటింటా చేపల కూర ఉడకాలి. కొర్రమట్ట దొరికితే ఆ ఇంటివాళ్ల సంబురమే వేరు. కొర్రమట్ట జంట గుడ్లకు దిగేది కూడా ఆ తొలకరి రోజుల్లోనే. గడ్డి ఒత్తుగా ఉన్నచోట ఆకులను పక్కకు నెట్టి గుండ్రంగా జాగ చేసుకుంటాయి. పసుపుపచ్చటి గుడ్లు నీటిపైన తేలుతాయి. ఒకటి రెండు రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. కొంచెం పెరిగాక ఒళ్లంతా ఎర్రబడి, గుంపుగా పైకొచ్చి గాలి మింగుతుంటే ఆ మేర నీళ్లు ఎసరు మరిగినట్టు కదులుతాయి. కింద తల్లో తండ్రో, ఒక్కోసారి రెండూ కాపలా ఉంటాయి.

ఒకసారి అట్లా కదిలే నీళ్లను చూసి నా పంట పండిందనుకున్నాను. కప్పపిల్లను గాలానికి గుచ్చి గుంపు నడుమ నుంచి లాగాను. చేప ఒక్క ఊపున వచ్చి కరిచింది. ఎంత ఆకలి మీదుందో అనుకున్నాను. ఆకలి కాదది. పిల్లల మీదికి ఏదో వచ్చిందని తరమడానికి వచ్చింది. నేను దాన్ని గెలుపనుకొని ఇంటికి తెచ్చాను, పదిమందికి చూపించాను.

తర్వాత అటు పోతే గుంపు చెదిరి ఉంది. కొన్ని పిల్లలు గట్టు పక్కన గడ్డిలో దిక్కులేక తిరుగుతున్నాయి. నీటికాకి ఒకటి అక్కడే మునిగి తేలుతోంది. వల దులుపుకుంటున్న బెస్త తాతతో, “తాతా, పెద్దది పడ్డది తెలుసా,” అన్నాను. ఆయన నా దిక్కు చూడనేలేదు. “పిల్లలున్నదాన్ని పడితివా బిడ్డా? ఇగ గా పిల్లలన్నీ పోయినట్టే,” అన్నాడు.

నాకు సిగ్గేసింది. చేపను పట్టినందుకు కాదు. తినే చేపే, పట్టుకునే తినాలి. కానీ పిల్లల కోసం పారిపోకుండా నిలబడ్డ ప్రాణాన్ని, నిలబడింది గనుకనే సులువుగా పట్టాను. ఒక్క చేపతో ఒక తరం మొత్తాన్ని కుంటలోంచి ఏరేశాను. చేపలు తగ్గినాయని తర్వాత గట్టు మీద కూర్చొని బాధపడ్డవాళ్లలో నేనూ ఉన్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసుకు కష్టంగానే ఉంటుంది.

2016లో తెలంగాణ తన రాష్ట్ర చేపగా ఎంచుకున్నది ఈ కొర్రమట్టనే, అంటే కొర్రమీనునే. వానాకాలం మీ చెరువులో ఎర్ర పిల్లల గుంపు కనబడితే దయచేసి ఆ పక్క గాలం వేయకండి, వల విసరకండి. పిల్లల ఎరుపు పోయి ఒళ్లు నల్లబడి, ఎవరి దారి వాళ్లు చూసుకునేదాకా ఆగండి. పెద్ద చేప అప్పుడు కూడా ఆ చెరువులోనే ఉంటుంది.